ఒకే చక్రవర్తి, రెండు న్యాయములు
(మన సంఘ యువజన సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ యువజన శాఖవారు జరుపుచున్న ఉపన్యాసములలో "ఇరువదవ శతాబ్ది ప్రారంభమున దేశాధినేతలు, ప్రభుత్వ పద్ధతులు" అను విషయమును మాకు కేటాయించిరి. మేము పెద్ద చదువులు చదివినవారము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ఇన్నేండ్లుగా బట్టల అంగడిలో కొలబద్దతోను ఖాతా పుస్తకముతోను కాలము గడుపుచున్నవారము. అయినను విషయము వినగానే ఒప్పుకొంటిమి. ఏలయన, తన భాషవారు తక్కువగా నున్న చోట కాపురముండువానికి, ప్రభుత్వము ఏ తీరున నడచును, అందులో ఎవరి మాట చెల్లును అనునది తెలిసియుండుట మిగిలినవారికంటె ఎక్కువ అవసరము. ఎక్కువమంది యున్నవారు తెలియకపోయినను బ్రదుకగలరు. మనకు ఆ సౌకర్యము లేదు.

ముందుగా ఆనాటి ప్రపంచమును ఒక్కసారి చూతము. 1900లో ఐరోపా ఖండమున రిపబ్లికులను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును: ఫ్రాన్సు, స్విట్జర్లాండు, చిన్న సాన్ మారినో. మిగిలిన దేశములు దాదాపు అన్నియు రాజుల క్రిందనో, చక్రవర్తుల క్రిందనో యుండెను. తరువాత ఇరువదిమూడేండ్లలో ఎన్ని కిరీటములు రాలిపోయెనో చూడుడు. 1910లో పోర్చుగల్ రాజు దేశము విడిచి పోయెను. 1912 ఫిబ్రవరిలో చైనా బాలచక్రవర్తి పూయీ పేర సింహాసన త్యాగ ప్రకటన వెలువడెను. 1917లో రష్యా జారు నికొలాస్ దిగిపోయెను. 1918 నవంబరులో జర్మను కైజరు విల్హెల్ము, ఆస్ట్రియా చక్రవర్తి కార్లు తొలగిరి. 1922లో తురుష్క సుల్తాను పదవి రద్దయి, మరుసటి యేడు టర్కీ రిపబ్లికు అయ్యెను.

పేర్లు ఇట్లు మారుచుండగా, అధికారము నిజముగా ఎవరి చేత నుండెను? మా వ్యాపారపు భాషలో చెప్పవలెనన్న, అంగడి పలకమీద పేరు ఒకరిది, గల్లాపెట్టె తాళపుచెవి మరియొకరిది కావచ్చును. ఇంగ్లండులో పలకమీద పేరు రాజుది. తాళపుచెవి పార్లమెంటుకు జవాబు చెప్పవలసిన మంత్రివర్గముది. జర్మనీలో ఇరువదియైదేండ్లు నిండిన మగవారందరును రైహ్‌స్టాగు సభకు వోటు వేయుచుండిరి. అయినను ప్రధానమంత్రివంటి ఛాన్సలరును నియమించువాడును, తీసివేయువాడును కైజరే. అక్కడ పలకయు కైజరుదే, తాళపుచెవియు ఆయనదే. రష్యాలో 1906లో డ్యూమా అను సభను కూర్చిరి. మూడు నెలలు నిండకమునుపే జారు దానిని రద్దుచేసెను. ఫ్రాన్సులో పార్లమెంటు ఉభయ సభలు కలిసి ఏడేండ్లకు ఒక అధ్యక్షుని ఎన్నుకొనుచుండెను. నడుపువారు మాత్రము మంత్రులు. స్విట్జర్లాండులో ఒక్క అధినేత అనువాడే లేడు. ఏడుగురు సభ్యుల మండలి పాలించును. వారిలో ఒకరు ఒక్క సంవత్సరము అధ్యక్షులుగా కూర్చుందురు. ఆ పద్ధతి నేటికిని అట్లే సాగుచున్నది.

ఈ విషయము మనకు దూరపు కథ కాదు. 1910 సంవత్సరమునే తీసికొనుడు. కాకినాడలోని తెలుగువాడు ఇంగ్లండు రాజునకు ప్రజ. పది క్రోసులైన లేని యానాములో అతని బావమరది ఫ్రెంచి రిపబ్లికు క్రింద నుండెను. ఫ్రెంచి ఇండియానుండి పారిసు పార్లమెంటునకు పంపు డిప్యూటీ ఎన్నికలో యానాము వారికి వోటుండెను. కాకినాడ వారికి లండను పార్లమెంటున అట్టి వోటు లేదు. వరంగల్లులోని తెలుగువాడు నిజాము ప్రజ. కోలారులోని తెలుగువాడు మైసూరు మహారాజు ప్రజ. భాష ఒక్కటే, పలకలు నాలుగు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. పలకమీది పేరు, తాళపుచెవి యెవరిదో తెలిసినంతమాత్రమున చాలునా? చాలదని మా అభిప్రాయము. మూడవ ప్రశ్న ఒకటి కలదు. చిన్న ఖాతాదారునికి లెక్కలో అన్యాయము జరిగినచో, పత్రము చేతబట్టుకొని పోయి అడుగుటకు చోటున్నదా? తక్కువ సంఖ్యవారి మేలుకీళ్లన్నియు ఈ మూడవ ప్రశ్నపై ఆధారపడియుండును.

రాజు పోయి రిపబ్లికు వచ్చిన చాలు, అందరి భాషలకును మేలు జరుగునని కొందరు తలతురు. ఫ్రాన్సు రిపబ్లికే. 1881, 1882 సంవత్సరములలో అక్కడ ప్రాథమిక విద్యను ఉచితముగాను నిర్బంధముగాను చేసిరి. అది గొప్ప పనియే. కాని ఆ బడులలో ఫ్రెంచి తప్ప మరియొక భాషకు చోటు లేదు. పడమటి తీరమున బ్రెటను భాష మాటాడు బిడ్డ బడిలో తన తల్లి భాష పలికినచో, వాని మెడలో ఒక గుర్తును వ్రేలాడదీయుచుండిరి. వాడు తనవలెనే తప్పిన మరియొక బిడ్డను పట్టి ఆ గుర్తును వానికి అప్పగింపవలెను. ఆ దేశమున ప్రాంతీయ భాషలను బడిలో కొంతవరకైన అనుమతించిన చట్టము 1951 వరకు రాలేదు. రాజరికపు ప్రష్యాలో జరిగినదియు తక్కువ కాదు. 1901లో వ్రెష్నియా అను పట్టణమున పోలిషు బిడ్డలు మతపాఠమును జర్మను భాషలో అప్పగించుటకు ఒప్పుకొననందున బెత్తపు దెబ్బలు తినిరి. అడ్డుపోయిన తల్లిదండ్రులు చెరసాలకు పోయిరి. కాబట్టి కిరీటమున్నంతమాత్రమున కీడు లేదు, లేనంతమాత్రమున మేలు లేదు.

దీనిని తేటగా చూపు ఉదాహరణ ఆస్ట్రియా-హంగరీ. ఆ రాజ్యము నేటి పటములలో లేదు. 1867 ఒడంబడికచే అది జంటరాజ్యమయ్యెను. వియన్నా రాజధానిగా ఆస్ట్రియా, బుడాపెస్టు రాజధానిగా హంగరీ. సైన్యము, విదేశ వ్యవహారములు, వాని ఖర్చు చూచు ఆర్థిక శాఖ, ఈ మూడు ఉమ్మడి. తక్కినవి వేరు: వేరు పార్లమెంట్లు, వేరు మంత్రివర్గములు, వేరు చట్టములు. అధినేత మాత్రము ఒక్కడే. ఫ్రాంజ్ జోసెఫ్ 1848లో పదునెనిమిదేండ్ల వయసున సింహాసనమెక్కి 1916 నవంబరులో కన్నుమూయు వరకు ఏలెను. 1910 నాటికి ఆ రాజ్యమున 5 కోట్ల జనము. జర్మను, హంగేరియను, చెకు, పోలిషు, ఉక్రేనియను, రుమేనియను, స్లొవాకు, క్రోయేషియను, సెర్బియను, స్లొవీను, ఇటాలియను అని పదునొకండు భాషలు.

మొదట ఆస్ట్రియా వాకిట చూతము. 1867 డిసెంబరు 21 నాటి మూల శాసనమున 19వ అధికరణము, దేశములోని జాతులన్నియు సమానమనియు, ప్రతి జాతికిని తన భాషను కాపాడుకొను హక్కు కలదనియు చెప్పెను. పలు జాతులు కలిసియున్న ప్రాంతములలో రెండవ భాషను నిర్బంధము చేయకయే ఎవరి భాషలో వారికి చదువు దొరకునట్లు బడులుండవలెనని కూడ వ్రాసెను. మాట బాగుగానే యున్నది; కాని మాటలు ఎవరైనను వ్రాయగలరు. దానిని నిలబెట్టినవి రెండు. ఒకటి, 1869 నాటి విద్యాశాసనము. గంట నడక దూరములో, దగ్గర బడి లేని పిల్లలు ఐదేండ్ల సగటున నలుబదిమందికి మించి యున్నచో అచ్చట బడి పెట్టవలెనని అది లెక్క కట్టెను. ఈ నలుబది సంఖ్యయే తక్కువ సంఖ్యవారి భాషా పాఠశాలలకును కొలబద్ద అయ్యెను. రెండవది, న్యాయస్థానము. హక్కునకు భంగము కలిగిన పౌరుడు 1869లో ఏర్పడిన సామ్రాజ్య న్యాయస్థానమునకు పోవచ్చును. అది హక్కు భంగమైనదని ప్రకటించునే గాని ఉత్తర్వును కొట్టివేయలేదు. కొట్టివేయగల పరిపాలనా న్యాయస్థానము 1876లో వచ్చెను. గ్రామములవారు, తల్లిదండ్రులు పిల్లల జాబితాలు పట్టుకొని ఆ మెట్లెక్కిరి. చాలసార్లు గెలిచిరి.

దీనికి తోడు వారు చేయి ముడుచుకొని కూర్చుండలేదు. 1880లో చెకులు ఒక కేంద్ర పాఠశాలా సంఘమును, అదే యేట జర్మనులు తమ పాఠశాలా సంఘమును స్థాపించిరి. చిన్న చిన్న చందాలు ప్రోగుచేసి, సర్కారు బడి లేని చోట సొంత బడి పెట్టి, పిల్లల సంఖ్య నిలిచిన పిమ్మట దానిని సర్కారునకు అప్పగించు పద్ధతిని అవలంబించిరి.

అంతయు చక్కగా జరిగెనని మేము చెప్పము. 1897లో ప్రధానమంత్రి బదేనీ, బొహీమియాలోని ఉద్యోగులు చెకు, జర్మను భాషలు రెండును నేర్వవలెనని ఉత్తర్వు చేయగా వీథులలో అల్లరులు చెలరేగి, ఆ యేడే ఆయన పదవి పోయెను. 1899లో ఆ ఉత్తర్వులును పోయెను. 1907లో ఆస్ట్రియా మగవారందరికిని వోటు నిచ్చెను గాని, జాతుల కొట్లాటలతో పార్లమెంటు తరచు స్తంభించుచుండెను. 1914 మార్చిలో సభను వాయిదా వేసి, అత్యవసర ఉత్తర్వులతో పాలించిరి. రెండు పక్షముల పాఠశాలా సంఘములవారును సంఖ్య కొరకు పరుల పిల్లలను పుస్తకములు, బట్టలు చూపి తమ బడికి లాగుకొనిరను నిందయు వచ్చెను. ఆ కారణముననే 1905లో మొరేవియా ప్రాంతమున ఉభయులును రాజీపడి, వోటర్ల జాబితాలను, పాఠశాలా మండలులను భాషల వారీగా పంచుకొని, ఏ బిడ్డకు ఏ భాష వచ్చునో ఆ బడిలోనే చేర్చుకొనవలెనని నియమము పెట్టుకొనిరి. పోరు తీరలేదు, కాని పోరాడుటకు ఒక న్యాయమైన బరి యుండెను.

ఇప్పుడు అదే చక్రవర్తి రెండవ వాకిలి, హంగరీ. 1868లో అక్కడను జాతుల చట్టము ఒకటి చేసిరి. హంగేరియనే రాజభాషయైనను, ఊరి కార్యాలయములలోను, బడులలోను, చర్చిలలోను ఇతర భాషలకు చోటున్నదని అది చెప్పెను. చదివిన కడుపు నిండును. కాని దానిని అమలు చేయించుకొనుటకు స్లొవాకు, రుమేనియను ప్రజలకు దారి లేదు. జనములో నూటికి ఆరుగురికి మించి వోటు లేదు. 1879లో హంగేరియను భాషను ప్రాథమిక పాఠశాలలలో నిర్బంధము చేసిరి. 1907లో విద్యామంత్రి అపోన్యీ ప్రభువు చట్టము వచ్చెను. నాలుగేండ్ల చదువు ముగియునప్పటికి పరభాషా బిడ్డ హంగేరియనులో తన భావము చెప్పగలుగవలెను. బడికి సర్కారు సహాయము కావలెనన్న సర్కారు షరతులకు తల వంచవలెను. కిరీటము ఒక్కటే, ముసలి చక్రవర్తి ఒక్కడే. వియన్నా వాకిట పత్రమున్నది, అడుగుటకు మెట్లున్నవి. బుడాపెస్టు వాకిట పత్రమున్నది, మెట్లు లేవు.

అయితే వియన్నాలోనే, మనవలె సొంత ప్రాంతము విడిచి వచ్చినవారి సంగతి వేరు. బొహీమియా, మొరేవియాలనుండి ఇటుకల పనికి, కుట్టుపనికి వచ్చిన చెకులు లెక్కకే లక్షమంది వరకుండిరి. జనాభా లెక్కలలో అడిగినది మాతృభాషను కాదు, వాడుక భాషను. యజమాని కోపగించునని జర్మను వ్రాయించినవారెందరో. చెకు భాష ఆ ప్రాంతపు వాడుక భాష కాదని చెప్పి, వారికి సర్కారు బడి నిరాకరించిరి. 1872లో వారు కొమెన్‌స్కీ అను మహోపాధ్యాయుని పేర సంఘము పెట్టుకొని, 1883లో సొంత ఖర్చుతో బడి తెరచిరి. కూలివారి పైసలతో పుట్టిన ఆ సంఘము ఎన్నో ఒడుదుడుకులకు నిలిచి, నేటికిని వియన్నాలో బడి నడుపుచున్నది. చక్రవర్తి పోయెను, సామ్రాజ్యము పోయెను, బడి యున్నది.

హంగరీ కథకు కొసమెరుపు చెప్పక విడువరాదు. యుద్ధమున ఓడిన పిమ్మట 1920లో ట్రియానాను సంధిచే ఆ దేశపు హద్దులు కుంచించుకొనిపోయి, ముప్పది లక్షలకు పైగా హంగేరియనులు రాత్రికి రాత్రి పరదేశములలో తక్కువ సంఖ్యవారైరి. నాటి సంధి సభకు హంగరీ ప్రతినిధుల నాయకుడుగా పోయినవాడు ఎవరు? ఆ అపోన్యీ ప్రభువే. ఎక్కువవారమని నేడు మనము తక్కువవారి కేమి చేయుదుమో, హద్దు జరిగిన నాడు అదియే మనకు వచ్చును.

హద్దు జరుగుట యెట్లుండునో మన బరంపురమువారికి వేరుగ చెప్పనక్కర లేదు. మా తాతగారి చిన్ననాట గంజాం మద్రాసు రాజధానిలోనిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడెను. మనము ఇల్లు కదలలేదు, హద్దు కదలెను.

మనకు పత్రమున్నదా? ఉన్నది. మన రాజ్యాంగపు 29, 30 అధికరణములు భాషను కాపాడుకొను హక్కును, సొంత విద్యాసంస్థలు పెట్టుకొను హక్కును ఇచ్చుచున్నవి. 1956 సవరణచే చేర్చిన 350ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు సౌకర్యములకై ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. అవసరమైనచో రాష్ట్రపతి ఆదేశములు ఇయ్యవచ్చునని అందులోనే యున్నది. 350బి అధికరణమున భాషాల్పసంఖ్యాకులకు ఒక ప్రత్యేకాధికారియు, ఆయన రాష్ట్రపతికి సమర్పించు నివేదికయు, అది పార్లమెంటు ముందుంచుటయు కలవు. మన దేశాధినేత పేర, మన బిడ్డ బడికై, రాజ్యాంగమున ఒక పంక్తి వ్రాసియున్నదని ప్రతి తల్లికిని తెలియవలెను. 1949లో విద్యామంత్రుల సమావేశము బడి మొత్తమున నలుబదిమంది, లేదా ఒక తరగతిలో పదిమంది పిల్లలున్నచో ఉపాధ్యాయుని ఇయ్యవలెనని తీర్మానించెను. ఆస్ట్రియాలోను నలుబదియే, ఇక్కడను నలుబదియే. ఎక్కడనైనను తక్కువవాని హక్కు చివరకు తలల లెక్కకే వచ్చి నిలుచును.

ఇక్కడ మా తప్పొకటి సభాముఖమున ఒప్పుకొనవలసియున్నది. ఈ విద్యా సంవత్సరారంభమున మన పట్టణపు ఒక పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుని స్థానమును తీసివేయుదురని విని, మేము నలుగురు పెద్దలను వెంటబెట్టుకొని అర్జీతో పోతిమి. అధికరణములన్నియు ఏకరువు పెట్టితిమి. ప్రధానోపాధ్యాయులు ఓర్పుతో విని, తరగతి హాజరుపట్టీ మా ముందు పెట్టి, "ఇందులో ఏడు పేర్లున్నవి బాబూ, పదియైన లేవు. మీ నలుగురి యిండ్ల పిల్లలు ఏ బడిలో చదువుచున్నారు?" అని మృదువుగా అడిగిరి. మాకు నోట మాట రాలేదు. మా రెండవ కుమారుడు చదువునది ఆంగ్ల మాధ్యమమున. తెలుగు అక్షరములు వానికి రావు. మా వెంట వచ్చినవారి సంగతియు అంతియే. పత్రమున్నది, మెట్లున్నవి, పట్టుకొనిపోవుటకు జాబితా లేదు. ఆ తప్పు ప్రభుత్వముది కాదు, రాష్ట్రపతిది కాదు, ఒడియా సోదరులది అంతకన్న కాదు. మాది.

ఆ రాత్రి మా యింట మాటలు జరిగినవి. ఇంట చదువుచున్న బడిని మధ్యలో మాన్పింపలేమని మా ఇంటివారు చెప్పినది న్యాయమే. అందుచే మేము చేయగలిగినది చేయ నిశ్చయించితిమి. మా మూడవ బిడ్డ, ఆరేండ్ల అమ్మాయి పేరు ఆ తరగతిలో వ్రాయించితిమి. అది ఎనిమిదవ పేరు. తొమ్మిదవది, పదవది ఈ సభలో కూర్చున్న తల్లుల చేతులలో నున్నవి.

కావున మా మనవి నాలుగు మాటలు. జనాభా లెక్కలవారు ఇంటికి వచ్చినప్పుడు మాతృభాష తెలుగని మొగమాటము లేక వ్రాయించుడు. వియన్నా చెకుల తప్పు మనకు వలదు. మనవి యేదైన నోటిమాటగా కాక వ్రాతమూలకముగా ఇచ్చి, రసీదు పుచ్చుకొనుడు. మన బిడ్డలకు ఒడియా చక్కగా నేర్పుడు. అది మనకు అన్నము పెట్టుచున్న నేల భాష. ఇచ్ఛాపురము వైపున ఒడియా బిడ్డలకు బడి యున్నచో అది నిలువవలెనని, ఆ దిక్కున చుట్టములున్నవారు అక్కడి మనవారితో గట్టిగా చెప్పుడు.

దేశాధినేతల పేర్లు పరీక్షలకు పనికివచ్చును. యువకులు తప్పక నేర్వవలెను. కాని రాజు పేరు మారినను, అధ్యక్షుని పేరు మారినను, హాజరుపట్టీలోని పేర్లు మనమే వ్రాయించుకొనవలెను. వచ్చే సోమవారము ఉదయము తొమ్మిది గంటలకు మేము అంగడి తెరువక ఆ బడి వాకిట నుందుము. బిడ్డను తీసికొని వచ్చువారికి దరఖాస్తు నింపుటలో తోడ్పడుదుము.